తరువాతి వచనం

“కుడిసెయ్యి కట్టులో ఉంటే ఎడంసెయ్యి ఇమ్మను. ప్రభువు ఏ సెయ్యని సూస్తాడా?”

జీవరత్నం ఆ మాట నెమ్మదిగానే అన్నాడు. ఆయన ఏ మాటా గట్టిగా అనడు. ముప్పయ్యేళ్ళ కాపురంలో భార్య మీద చెయ్యెత్తలేదు, గొంతెత్తలేదు. ఉప్పు మళ్ళలో మేస్త్రి, క్రైస్తవ సంఘంలో పెద్ద. నెలకోసారి ప్రభువు బల్ల దగ్గర రొట్టె పళ్ళెం పట్టుకుని వరస వరసకీ తిరిగే మనిషి. “ఈ యింటికి సమాధానము” అని, అంటే శాంతి కలగాలని, తన ఇంటి గుమ్మం మీద నీలం రంగుతో తనే రాసుకున్నాడు. ఆ అక్షరాలు చూసి నౌపడ చుట్టుపక్కల జనం, ఇల్లంటే జీవరత్నం మేస్త్రి ఇల్లు అనేవారు.

కాంతం చేటలో బియ్యం ఏరుతోంది. భర్త మాట విని తల ఎత్తలేదు. రాయి ఏదో, గింజ ఏదో ఆమె కళ్ళకి ఆనడం లేదు.

ఆ ఇంటి కోడలు సుందరి పుట్టింటికి వెళ్ళిపోయి అప్పటికి ఐదు రోజులు. కుడి మణికట్టు విరిగి, ఆ చేతిని రెండో చేత్తో పట్టుకుని, పట్టపగలు అందరూ చూస్తుండగా నడిచి వెళ్ళింది. విరిచినవాడు మొగుడు కొండబాబు. జీవరత్నానికీ కాంతానికీ ఒక్కడే కొడుకు, మిషను బడిలో మాస్టారు. ఎందుకు విరిచాడని అడగకండి. కారణం చెబితే, చదివేవాళ్ళలో సగం మంది ఆ కారణాన్ని తూచడం మొదలుపెడతారు. విరిచాడు. అంతే.

“రేపు శనివారం, కూటం,” అన్నాడు జీవరత్నం. “సుందరి వచ్చి సెయ్యివ్వకపోతే ఎల్లుండి ఆడికి బల్ల నేదు. బల్ల నేని మాస్టార్ని బడిలో ఉంచరు. నువ్వెళ్ళి సెప్పు కాంతం. నీ మాట ఇంటాది.”

ఆ సంఘంలో ఒక పద్ధతుంది. ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రభువు బల్ల, అందరూ రొట్టె పంచుకునే ఆరాధన. దాని ముందురోజు మధ్యాహ్నం మూడు గంటలకి సిద్ధపాటు కూటం. ఎవరికెవరితో తగువుందో వాళ్ళిద్దరూ పాస్టరు అయ్యగారు పిలవగానే బల్ల ముందు నిలబడాలి. కుడిచేతులు కలపాలి. “నీకు సమాధానం” అని ఒకరితో ఒకరు అనాలి. అంటే తగువు తీరినట్టే. ఇక ఆ సంగతి మళ్ళీ ఎత్తినవాళ్ళదే తప్పు. అనకపోతే ఇద్దరికీ రొట్టె లేదు. ఇద్దరు మనుషులు గట్టు దగ్గర నోరుపారేసుకున్నప్పుడు ఈ పద్ధతి మంచిదే, కాదనను. కానీ ఒకరు కొట్టి ఒకరు దెబ్బలు తిన్నప్పుడు కూడా ఇద్దరి చేతులూ ఒక్కలాగే చాపించి, ఆ తరవాత దెబ్బలు తిన్నదాని నోరు మూయించారు. నాలుగు నెలల కిందట సుందరి చేత అలాగే చెయ్యి ఇప్పించారు. ఆ రోజు ఆమె పక్కన నిలబడింది కాంతమే. చెయ్యి చాపినప్పుడు రవికె చెయ్యి పైకి జరిగి, మోచేతికి పైన దండ మీద నల్లగా కమిలిన మచ్చ బయటపడింది. కాంతం సర్దుతున్నట్టు ఆ గుడ్డని కిందకి లాగింది. ఎవరూ చూడలేదు. సుందరి మాత్రం అత్తవైపు ఒక్కసారి తలతిప్పి చూసి, మళ్ళీ ముందుకు తిరిగి ఆ మాట అనేసింది.

ఆ చూపు ఇప్పటికీ కాంతం వీపు మీద పడి ఉన్నట్టే ఉంది...

*

ఉప్పు మళ్ళలో ఎండ రెండువైపుల నుంచీ కొడుతుంది, పైనుంచీ కిందనుంచీ. గట్టు మీద నడుస్తుంటే కాంతానికి కళ్ళు మూసుకుపోయాయి. చెప్పులు వేసుకోవడం మరిచిపోయి వచ్చేసింది.

సుందరి తల్లి గురమ్మ చీలమండ లోతు నీళ్ళలో నిలబడి, పొడుగు కర్రకి బిగించిన చెక్క పలకతో ఉప్పు లాగుతోంది. మొగుడు పోయి పన్నెండేళ్ళు. ఆ ఉప్పులోనే కూతుర్ని పెంచింది, ఎనిమిది చదివించింది. వియ్యపురాల్ని చూసి పని ఆపలేదు.

“రా వదినా. మా గుంటకి ఇంకో సెయ్యి మిగిలుంది. దానికోసం వచ్చినావా?”

కాంతం తల దించుకుని గట్టు చివర పందిరి వైపు నడిచింది.

తాటాకుల పందిరి కింద సుందరి గోనెసంచి మూతి ఎడంచేత్తో పట్టుకుని కూర్చుని ఉంది. కుడిచెయ్యి వెదురు బద్దలతో కట్టి, మెడకి వేలాడదీసి ఉంది. కట్టు బయట కనిపిస్తున్న వేళ్ళు వాచి, నీరుపట్టి, పాలిపోయి ఉన్నాయి. అత్తని చూసి పక్కకి జరిగి చోటిచ్చింది.

“కూర్సో అత్తా. సెప్పుల్లేకుండా వచ్చీసినావు, కాళ్ళు కాల్తాయి.”

తిడితే భరించి ఉండేది కాంతం. దుమ్మెత్తి పోస్తే బాగుండేది. ఆ మెత్తటి మాట విని ఆమె కాలిన కాళ్ళు చీర కింద దాచుకుని కూర్చుంది.

“మీ మావ సెప్పమన్నారే...”

“ఏటి సెప్పమన్నారు?”

“రేపు కూటానికి రమ్మన్నారు. సెయ్యి... కుడిసెయ్యి బాగునేదు గనక, ఎడంసెయ్యి ఇచ్చినా సరిపోతాదన్నారు.”

గురమ్మ పలక ఆపింది. తరవాత సుందరి నవ్వింది. గట్టిగా కాదు. ముక్కుతో గాలి వదిలినట్టు నవ్వి, సంచి మూతి వదిలేసింది.

“ఇన్నావా అమ్మా? ప్రభువుకి ఎడంసెయ్యి సాలంట.”

“ఇన్నాను. నీ మావ దరమప్రభువు. కాలిచ్చినా తీసుకుంటాడేమో అడుగు,” అంది గురమ్మ.

“ఆయన్ని అలగనకు వదినా. ఆయన ఎప్పుడూ దాని మీద గొంతెత్తి ఎరగడు,” అంది కాంతం.

“గొంతెత్తలేదా?” సుందరి తల అత్తవైపు తిప్పింది. “ఎత్తినారు అత్తా. మీరిద్దరూ ఎత్తినారు. పాట ఎవరు అందుకునేవోరు?”

కాంతం చేతులు ఒళ్ళో పడిపోయాయి.

ఇది ఆమె ఎవరితోనూ అనని మాట. రోజూ దీపాలవేళ ఆ ఇంట్లో కుటుంబ ప్రార్థన. ఒక పాట, ఒక వాక్యం, ఒక ప్రార్థన. కొడుకు పెళ్ళయిన ఆరో నెల నుంచి, లోపలి గదిలో కొండబాబు చెయ్యి ఆడినప్పుడల్లా ముందు గదిలో కాంతం పాట అందుకునేది. వేళ కాకపోయినా అందుకునేది. పక్కిల్లు బుల్లమ్మది, మధ్య గోడ మట్టిగోడ. అరుపు వినపడకూడదు. మేస్త్రి ఇంట్లో ఆడదాని ఏడుపు అని ఊరు అనుకోకూడదు. అందుకని దేవుడి పాట! మొదటిసారి పాడినప్పుడు తనకే తెలియకుండా పాడింది. రెండోసారి తెలిసే పాడింది. మూడోసారికి అలవాటైంది.

“బుల్లమ్మ పిన్ని నూతి కాడ అంటాది,” సుందరి చెబుతోంది, “‘మీ అత్త గొంతు ఎంత బాగుంటాదే, మీ ఇంట్లో ఎప్పుడూ పాటలే’ అని. నాను ఏటి సెప్పాలి అత్తా? మూడు సరణాల పాట. అయిపోయినా ఆడి సెయ్యి ఆగలేదని మళ్ళీ మొదట్నించి అందుకున్నావు. నాను లోపల నెక్కపెట్టుకునేదాన్ని. రెండో సరణం వచ్చింది, మూడోది వచ్చింది, ఇంక ఆగుతాడు, ఇంక ఆగుతాడు అని...”

“ఒగ్గే తల్లీ,” అంది కాంతం. “ఒగ్గే.”

“ఒగ్గను. ఈ ఒక్కటీ అడగనీ. అయ్యగారు ప్రతి కూటంలోనూ ఆ వాక్యం సదువుతారు కదా. ప్రభువు సచ్చి లేచినాక, శిష్యులు బయపడి తలుపులేసుకుని ఒక ఇంట్లో కూర్సుంటే, ఆయన మద్దెన వచ్చి నిలబడి ‘మీకు సమాధానం’ అన్నాడని. అక్కడ పుస్తకం మూసేస్తారు. ఆ మాట అయినాక ప్రభువు ఏటి సేసినాడో నువ్వెప్పుడైనా సదివినావా?”

“నాకంత సదువేదే?”

“కూడబలుక్కుని సదువు. నాను సెప్పను.”

సుందరి లేచి నిలబడింది. కట్టు కదిలి నొప్పి పుట్టిందేమో, పళ్ళు బిగించి ఒక్క క్షణం ఆగింది.

“రేపు వస్తాను అత్తా. అయ్యగారు పిలిస్తే బల్ల ముందుకి కూడా వస్తాను. మావ సెప్పినాడని కాదు. నువ్వు సెయ్యివ్వమంటే ఇచ్చీసి నీ ఎనకాలే ఇంటికొచ్చేస్తాను. నువ్వు అన్నీ సూసినావు. మళ్ళీ ఆ గదిలోకి ఎల్తే నాకేటీ అవదని నువ్వు సెప్పగలిగితే, నాకా మాట సాలు. సెప్పగలవేటి?”

కాంతం నోరు తెరిచింది. ఆ పిల్ల ముఖంలో వెటకారం లేదు. నిజంగానే అడుగుతోంది. నిజంగానే తన ప్రాణాన్ని అత్త నోట్లో పెడుతోంది.

“సెప్పదు,” అంది గురమ్మ నీళ్ళలోంచి. “ఆడు దాని కొడుకు. ఎలగ సెప్తాది? ఎల్లు వదినా, ఎండెక్కిపోతంది.”

*

ఆ సాయంత్రం కొండబాబు తల్లి పక్కన పీట వేసుకుని కూర్చున్నాడు. ఇస్త్రీ చొక్కా, నున్నగా దువ్విన తల. నాలుగూళ్ళ పిల్లలకి అక్షరాలు నేర్పే చెయ్యి.

“అమ్మా, వస్తానందా?”

“వస్తానంది.”

“నువ్వు మంచిగా చెప్పుంటావు. ఇక మీదట చెయ్యెత్తనమ్మా. ప్రమాణంగా చెబుతున్నాను.”

“పోయిన తూరీ అన్నావురా.”

“దానికి నోరెక్కువ. నీకు తెలీదు. నవ్వుతుంది. నేను చెప్పేదానికి లోపల్లోపల నవ్వుతుంది.”

“నవ్వితే సెయ్యి ఇరిచేస్తావా?”

కొండబాబు లేచి నిలబడ్డాడు. తల్లి ఎన్నడూ అంత మాట అనలేదు. “నేను విరవలేదు. తిప్పాను. అది గింజుకుంది,” అన్నాడు. ఆ మాట చెప్పేటప్పుడు అతని ముఖం పదేళ్ళ పిల్లాడి ముఖంలా ఉంది, పలక పగలగొట్టి నేను కాదు అదే పడింది అన్నప్పటి ముఖం. అప్పుడు కాంతం నవ్వి ముద్దుపెట్టుకుంది... ఇప్పుడు ఆమె గుండెలో నవ్వూ లేదు, కోపమూ లేదు. భయం ఉంది. వీడు నా కడుపున పుట్టాడు. మూడేళ్ళప్పుడు జ్వరమొస్తే భుజాన వేసుకుని ఆసుపత్రికి ఎనిమిది మైళ్ళు నడిచాను. వీడి చేతికి ఇంత బలం నేనే పోశాను. వీడు చెయ్యెత్తినప్పుడల్లా పాట ఎత్తుకుని, ఎత్తుకో నాయనా, నీ పని కానియ్యి అని నేనే చెప్పాను.

కొడుకు బయటికి వెళ్ళాక ఆమె గూట్లోంచి పెద్ద పుస్తకం దించింది. దీపం వత్తి పెంచింది. మిషను దొరసాని దగ్గర చిన్నప్పుడు నేర్చుకున్న నాలుగు అక్షరాలు. గుర్తు పెట్టిన చోటు తేలిగ్గానే దొరికింది. ఏళ్ళ తరబడి అదే చోట తెరిచి అదే చోట మూసిన కాగితం, అక్కడ మాసిపోయి ఉంది. వేలు పెట్టి కూడబలుక్కుంది. తలుపులు మూసుకుని ఉండగా... యేసు వచ్చి మధ్యను నిలిచి... మీకు సమాధానము కలుగును గాక. ఇది తెలిసిందే. వేలు కిందికి జరిపింది.

ఆయన ఆ మాట చెప్పి, వారికి తన చేతులను, తన ప్రక్కను చూపెను.

మళ్ళీ చదివింది. చేతులను చూపెను. మేకులు దిగిన చేతులు. బల్లెం దిగిన పక్క. చచ్చి లేచినవాడు, దేవుడు, తలుచుకుంటే ఆ గాయాలు మాసిపోవా? మాపుకోలేదు. గుడ్డ కప్పుకోలేదు. ఎవరికి చూపించాడు? శత్రువులకి కాదు. ఆ గదిలో ఉన్నవాళ్ళంతా ఆయన్ని కొడుతుంటే వదిలేసి పారిపోయినవాళ్ళు. ఆయనెవరో నాకు తెలీదన్నవాడు కూడా ఆ గదిలోనే ఉన్నాడు. అలాంటివాళ్ళకి సమాధానం చెప్పాడు. చెప్పి, ఇదిగో చూడండి అన్నాడు. సమాధానం అంటే గాయం మీద వేసే మూత కాదు. గాయాన్ని చూడలేనివాళ్ళకి అది చేరదు.

తలుపులేసుకున్నది నేనే, అనుకుంది కాంతం. ఆ పిల్ల మా మధ్యలోకి వచ్చి నిలబడి నాలుగు నెలల కిందటే దండ చూపించింది. నేను రవికె కిందికి లాగాను...

పుస్తకం తెరిచే ఉంది. ఆమె చాలాసేపు అలాగే కూర్చుంది. సిగ్గు అనేది ముఖానికి సంబంధించిన సంగతి అనుకునేది ఇన్నాళ్ళూ. ఆ రోజు అది కడుపులోకి దిగింది.

*

శనివారం మూడు గంటలకి గుడి నిండింది. మేస్త్రి ఇంటి తగువు అంటే రానివాళ్ళెవరు? మగవాళ్ళు ఒకవైపు, ఆడవాళ్ళు ఒకవైపు చాపల మీద. బుల్లమ్మ ముందు వరసలోనే కూర్చుంది. వెనక గోడకి ఆనుకుని గురమ్మ, సుందరి. బల్ల పక్కన కుర్చీలో జీవరత్నం, తెల్ల పంచె, చేతులు మోకాళ్ళ మీద.

పాస్టరు జ్ఞానానందం గారు ముసలాయన. కళ్ళజోడు సవరించుకుని వాక్యం చదివారు. “మీకు సమాధానము కలుగును గాక,” అన్నారు. పుస్తకం మూశారు. “మన మధ్య ఒక కుటుంబంలో చిన్న మనస్పర్ధ వచ్చింది. కొండబాబు, సుందరి, ఇలా రండమ్మా.”

కొండబాబు చకచకా వచ్చి నిలబడ్డాడు. సుందరి నెమ్మదిగా వచ్చింది. మెడకి వేలాడుతున్న కట్టు చూసి ఆడవాళ్ళలో గుసగుస లేచింది. జారిపడిందట, అంది ఒకామె. నూతి గట్టు దగ్గరట, అంది ఇంకొకామె. ఆ జారిపడడం సంగతి ఊళ్ళోకి పంపింది కూడా కాంతమే.

సుందరి మొగుడివైపు చూడలేదు. అత్తవైపు చూసింది. చూస్తూనే ఉంది. ఎడంచెయ్యి పక్కన వేలాడుతోంది, ఇంకా చాపలేదు.

“సెయ్యివ్వమ్మా,” అన్నాడు జీవరత్నం మెల్లగా.

కాంతం లేచి నిలబడింది.

“అయ్యగారూ, తరవాతి వచనం సదవండి.”

జ్ఞానానందం గారికి అర్థం కాలేదు. “ఏం వచనమమ్మా?”

“మీరు ఆ మాట కాడ పుస్తకం మూసినారు. దాని కింద ఇంకోటుంది. అది సదవండి.”

“కాంతం, కూర్సో,” అన్నాడు జీవరత్నం.

“కూర్సోనండి.”

పాస్టరు గారు పుస్తకం తెరిచారు. చదివారు. చేతులను, ప్రక్కను చూపెను అన్నచోట ఆయన గొంతు కొంచెం తగ్గింది.

“ఈ పిల్ల జారిపడలేదు,” అంది కాంతం. “నా కొడుకు ఇరిచినాడు. నా కళ్ళతో నాను సూసినాను. జారిపడిందని నూతి కాడ సెప్పింది నాను. పోయిన తూరి ఈ బల్ల ముందే దీని దండ మీద దెబ్బ కనపడితే, రవికె లాగి కప్పింది నాను. బుల్లమ్మా, మా ఇంట్లో పాటలు ఇని నువ్వు మెచ్చుకున్నావు. ఆడు దీన్ని కొడతన్నప్పుడు, ఏడుపు మీకు ఇనపడకూడదని నాను పాట ఎత్తుకునేదాన్ని. దేవుడి పాట. దీని అరుపు మీద దేవుడి పాట కప్పినాను.”

“అమ్మా,” అన్నాడు కొండబాబు. “నీకు మతిపోయింది. కూర్చో.”

“మతి ఇప్పుడొచ్చిందిరా. సుందరీ, నువ్వు అడిగిన దానికి నాను సెప్తన్నాను. రావద్దు. సెయ్యివ్వద్దు. ఆ గదిలోకి మళ్ళీ రావద్దే తల్లీ.”

బుల్లమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “ఓలమ్మా... ఆ పాట ఇని నాను ఏడ్సినాను. బక్తి అనుకుని ఏడ్సినాను.”

కొండబాబు తండ్రివైపు తిరిగాడు. “నాన్నా, మీరు చెప్పండి. అమ్మ ఏదేదో మాట్లాడుతోంది. మీకు తెలుసు కదా, మీరు చెప్పండి.”

జనమంతా జీవరత్నం వైపు చూశారు. పాస్టరు గారు కూడా చూశారు. ఒక్క మాట చాలు. కాంతానికి ఒంట్లో బాగులేదు అని ఆయన నెమ్మదిగా అంటే, సగం మంది నమ్మడానికి సిద్ధంగా ఉన్నారు. పదిహేనేళ్ళ పెద్దరికం అది. కాంతం భర్త ముఖంలోకి చూడలేకపోయింది. నేల చూస్తూ నిలబడింది.

జీవరత్నం కుర్చీలోంచి లేచాడు. లేవడానికి చాలాసేపు పట్టింది. బల్ల అంచు పట్టుకున్నాడు.

“నానూ పాడినాను,” అన్నాడు.

ఎవరికీ వినపడలేదు. పాస్టరు గారు ముందుకు వంగారు.

“ఆవిడ ఒక్కర్తే కాదు అయ్యగారూ. ఆవిడ పాట ఎత్తుకుంటే నానూ గొంతు కలిపినాను. ఎందుకు ఎత్తుకుందో నాకు తెలుసు.”

కుర్చీలో కూర్చోలేదు. నడిచి వెళ్ళి మగవాళ్ళ ఆఖరి వరస వెనక, చాప లేనిచోట, నేల మీద కూర్చున్నాడు.

కొండబాబు చుట్టూ చూశాడు. తన బడి పిల్లల తండ్రులు కొందరు తలలు దించుకున్నారు, కొందరు దించుకోలేదు. అతను తల్లిని దాటుకుని గుమ్మం వైపు నడిచాడు. దాటేటప్పుడు ఒక్క మాట అన్నాడు, ఆమెకి మాత్రమే వినపడేట్టు: “నన్ను చంపేసావమ్మా.”

ఆ మాట ఆమెని తాకింది. తాకలేదని అబద్ధం చెప్పను. ఆమె చెయ్యి అతని చొక్కా పట్టుకోవడానికి లేచింది కూడా... గాల్లోనే ఆగిపోయింది.

“ఇవాళ ఎవరూ చెయ్యి ఇవ్వరు,” అన్నారు జ్ఞానానందం గారు. కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నారు. “కొండబాబుకి బల్ల లేదు. నేను ఇరవై రెండేళ్ళు ఈ వచనం దగ్గర ఆగిపోయాను. అమ్మా సుందరీ, నాలుగు నెలల కిందట నీ చేత ఆ మాట అనిపించింది నేనే.” అంతకన్నా ఆయన ప్రసంగం ఏమీ చెయ్యలేదు. చేసి ఉంటే బాగుండేది కాదు.

కాంతం కోడలి ముందుకు వెళ్ళింది. చెయ్యి చాపడానికి ధైర్యం లేదు. “నాకు సమాధానం సెప్పమని అడగను,” అంది. “అడిగే మొకం నాకు నేదు.”

“ఇప్పుడు నా వల్ల కాదు అత్తా,” అంది సుందరి. ఆమె ఏడుస్తోంది. ఆరు రోజుల్లో మొదటిసారి, అందరి ముందూ, గొంతు విడిచి ఏడుస్తోంది. ఎవరూ పాట అందుకోలేదు. గుడి మొత్తం కూర్చుని ఆ ఏడుపు విన్నది.

*

ఆదివారం రొట్టె పళ్ళెం ఇంకో సంఘపెద్ద పట్టుకొచ్చాడు. ఆడవాళ్ళ వరసలో కాంతం దగ్గరికి వచ్చినప్పుడు ఆమె తీసుకోకుండా పక్కకి అందించింది. జీవరత్నం అసలు గుడి లోపలికి రాలేదు. రైలు స్టేషనుకి వెళ్ళాడు. కొండబాబు విజయనగరంలో స్నేహితుడి దగ్గరికి వెళ్ళిపోతానంటే, పెట్టె మోసుకెళ్ళి బండి ఎక్కించి వచ్చాడు. బడి వాళ్ళు విచారణ పెట్టారు, అది ఏమవుతుందో తెలియదు.

ఇంటికొచ్చి జీవరత్నం అన్నం ముందు కూర్చుని ముద్ద ఎత్తలేదు.

“మనకి ఒక్కడే కాంతం,” అన్నాడు. ఆ మెత్తటి మనిషి కంచంలోకి కన్నీళ్ళు కార్చాడు.

“ఒక్కడే,” అంది ఆమె. “బండి ఎక్కేటప్పుడు ఏటైనా అన్నాడా?”

“ఏటీ అనలేదు. నానన్నాను. నీ సెయ్యి బాగయిందాక ఈ ఇంటికి రావద్దన్నాను. తన సెయ్యికేటైనాదా అని సూసుకున్నాడు ఎర్రిబాగులోడు...”

కాంతం తన కంచం కూడా తెచ్చుకుని అతని ఎదురుగా కూర్చుంది.

మర్నాటి నుంచి కాంతం పొద్దున్నే ఇంటి పని తెముల్చుకుని గురమ్మ గుడిసెకి వెళ్ళడం మొదలుపెట్టింది. గురమ్మ పొద్దెక్కకముందే ఉప్పు మళ్ళకి పోతుంది. సుందరి ఒంటిచేత్తో ఏం చేసుకోగలదు? కాంతం నీళ్ళు తెచ్చేది. గంజి కాచేది. అంట్లు తోమేది. ఎవరూ రమ్మనలేదు, ఎవరూ పొమ్మనలేదు. నాలుగు రోజులు గురమ్మ ఆమెతో ఒక్క మాట మాట్లాడలేదు. ఎదురుపడితే పక్కనుంచి దాటి వెళ్ళిపోయేది. పేటలో ఆడవాళ్ళు నూతి దగ్గర కాంతాన్ని చూసి మాటలు ఆపేసేవారు. వినపడేట్టు అన్నవాళ్ళూ ఉన్నారు: “పాటలమ్మ వచ్చింది.” కాంతం కడవ నింపుకుని తలదించుకుని వెళ్ళిపోయేది. ఆ మాట తనకి న్యాయమే అనుకునేది.

ఐదో రోజు గురమ్మ పలక భుజాన వేసుకుని బయల్దేరుతూ గుమ్మంలో ఆగింది. ముఖం తిప్పుకునే అంది:

“దాని జుత్తు సూడు వదినా. పన్నెండు రోజులైంది, ముద్ద కట్టీసింది. నా సేతులన్నీ ఉప్పు పగుళ్ళు, పట్టుకుంటే ఎంటికలు ఇరుక్కుంటన్నాయి. తీరితే నువ్వు దువ్వు.”

అని వెళ్ళిపోయింది.

కాంతం దువ్వెన తీసుకుని గుమ్మం దగ్గర వెలుతురులో కూర్చుంది. సుందరి లోపలే నిలబడి కొంచెంసేపు తటపటాయించింది. తరవాత వచ్చి, అత్తకి వీపు తిప్పి, ముందు కూర్చుంది. ఆ తలని తాకే హక్కు తనకి ఇంకా ఉందని ఆమె అనుకోలేదు. ఆముదం కొంచెం రాసి, పైనుంచి దువ్వెన పెట్టి లాగింది. చిక్కు గట్టిగా ఉంది. మళ్ళీ లాగింది.

“అత్తా,” అంది సుందరి. “నొప్పెడతంది.”

కాంతం చెయ్యి ఆగిపోయింది.

“ఎక్కడే?”

“ఇక్కడ. సెవి ఎనకాల.”

కాంతం వంగి చూసింది. చెవి వెనక జుట్టు పాయలుగా పాయలుగా మెలిపడి, కింద చర్మం ఎర్రబడి ఉంది. దువ్వెన పక్కన పెట్టింది. ఆ ముడిని అరచేతిలో పట్టుకుని, కుదుళ్ళు కదలకుండా, చివర నుంచి ఒక్కొక్క వెంట్రుకే వేళ్ళతో విడదీయడం మొదలుపెట్టింది.

“ఇప్పుడో?”

“ఇప్పుడు కొంచెం నయం.”

బయట ఎండెక్కుతోంది. పొయ్యి మీద గంజి పొంగుతోంది. లేచి దింపాలి. చిక్కు ఇంకా చాలా ఉంది.